ప్రాణానికి పూచీ ఎవరు? పాలస్తీనా సమాజంలో చట్టం, రాజీ, తుపాకీ

క్లుప్తంగా: జీవించే హక్కును కాపాడతామని పాలస్తీనా 2014లో అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. అయినా వెస్ట్ బ్యాంక్‌లో హత్య జరిగితే గంటల్లో కదిలేది చాలాసార్లు పెద్దమనుషుల బృందమే. పోలీసులు వెళ్లగలిగే నేల కొంతే. శిక్షాస్మృతులు బ్రిటిష్, జోర్డాన్ కాలాలవి. శిక్షను తేలిక చేసే అధికారం చనిపోయినవారి కుటుంబం చేతిలో ఉంది. ఆ కుటుంబంలోనే హంతకుడు ఉంటే కేసు ఎటు పోతుందన్నదే ఇక్కడి అసలు చిక్కుముడి.

2025 అక్టోబరు 10న గాజాలో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. వారం తిరక్కముందే గాజా నగరం నడివీధిలో కొందరిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, జనం చూస్తుండగా కాల్చిచంపిన వీడియో బయటికొచ్చింది. చంపింది 2007 నుంచి గాజాను ఏలిన హమాస్ సంస్థ మనుషులు. చనిపోయినవారు నేరస్తులనీ ఇజ్రాయెల్‌కు సహకరించారనీ హమాస్ వాదన. బహిరంగ విచారణ గానీ అప్పీలు గానీ లేవు. వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లా నుంచి పనిచేసే పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ కార్యాలయం ఈ చర్యను ఖండించింది.

అప్పటికి రెండేళ్లుగా గాజా అంటే ఇజ్రాయెల్ బాంబుల వార్తలే. 2025 చివరికి అక్కడి ఆరోగ్యశాఖ లెక్కలో మృతులు 70 వేలు దాటారు. వెస్ట్ బ్యాంక్‌లో 2023 అక్టోబరు 7 తర్వాత ఇజ్రాయెల్ సైనికులు, సెటిలర్ల (ఆక్రమిత నేల మీద కాలనీలు కట్టుకున్న ఇజ్రాయెలీల) చేతుల్లో చనిపోయిన పాలస్తీనీయులు వెయ్యికి పైనే. సెటిలర్ల దాడుల మీద 2005 నుంచి 2022 దాకా ఇజ్రాయెల్ పోలీసులు తెరిచిన కేసుల్లో నూటికి 93 అభియోగపత్రమే లేకుండా మూతపడ్డాయని ఇజ్రాయెల్ హక్కుల సంస్థ యెష్ దిన్ లెక్క తేల్చింది. ఈ అంకెలు పక్కన పెట్టి పాలస్తీనీయుల మధ్య హింస గురించి మాత్రమే మాట్లాడితే చిత్రం తలకిందులవుతుంది. అయితే ఆ లోపలి హింసకు దాని కారణాలు దానికున్నాయి. అన్నిటినీ ఆక్రమణ ఖాతాలో వేస్తే అవి కనబడకుండా పోతాయి.

సంతకం అంటే ఏం ఒప్పుకున్నట్టు

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 6వ అధికరణం జీవించే హక్కుది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ 2018లో దాన్ని విడమరిచి చెప్పింది. రాజ్యం తాను అన్యాయంగా చంపకూడదు. ప్రైవేటు వ్యక్తులు చంపబోతున్నారని తెలిస్తే అడ్డుపడాలి. ఎవరు చంపినా నిజాయితీగా, వేగంగా దర్యాప్తు చేయాలి. పాలస్తీనా 2014 ఏప్రిల్‌లో ఏ మినహాయింపూ కోరకుండా ఇందులో చేరింది. 2019 మార్చిలో మరణశిక్ష రద్దు కోసం ఉన్న రెండో ప్రోటోకాల్‌లోనూ చేరింది. అరబ్ ప్రపంచంలో అరుదైన అడుగే ఇది.

సంతకం దేశంలో చట్టంగా మారే దగ్గర బండి ఆగింది. అంతర్జాతీయ ఒప్పందం చెల్లాలంటే అధికారిక గెజెట్‌లో అచ్చు కావాలనీ, పాలస్తీనీయుల మత, సాంస్కృతిక గుర్తింపుకు విరుద్ధంగా ఉండకూడదనీ పాలస్తీనా రాజ్యాంగ న్యాయస్థానం 2017, 2018 తీర్పుల్లో చెప్పింది. మొదటి షరతు కాగితం పని. రెండోది మాత్రం ఎటు కావాలంటే అటు లాగగలిగేంత వదులైనది.

పోలీసు ఎక్కడిదాకా వెళ్లగలడు

ఇజ్రాయెల్‌కూ పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌ఓ)కూ మధ్య 1995లో కుదిరిన రెండో ఓస్లో ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను మూడు ముక్కలు చేసింది. సుమారు 18 శాతం నేల ఏ ప్రాంతం, 22 శాతం బీ ప్రాంతం, మిగతా 60 శాతం సీ ప్రాంతం. పాలస్తీనా పోలీసులు స్వేచ్ఛగా తిరగగలిగేది ఏ ప్రాంతంలోనే. సీలోకి అడుగుపెట్టాలంటే ఇజ్రాయెల్ సైన్యంతో ముందే సమన్వయం చేసుకోవాలి. హెబ్రాన్ నగరంలో 1997 ఒప్పందం మరో గీత గీసి పాలస్తీనా చేతిలోని హెచ్1, ఇజ్రాయెల్ సైన్యం చేతిలోని హెచ్2 అని విడదీసింది.

ఏ ప్రాంతంలోని పెళ్లి హాలు బయట కత్తిపోట్లు జరిగాయనుకుందాం. నిందితుడు కారెక్కి పది నిమిషాల్లో సీ ప్రాంతంలోని బంధువుల ఇంటికి చేరతాడు. అక్కడికి వెళ్లడానికి అనుమతి గంటల్లో రావచ్చు, మర్నాడు రావచ్చు, రాకపోనూ వచ్చు. ఈలోగా ఆయుధం మాయమవుతుంది, బట్టలు ఉతుకుతారు, సాక్షుల దగ్గరికి పెద్దలు వెళ్లొస్తారు. హత్య కేసులో మొదటి రోజు పోయిన సాక్ష్యం తర్వాత దొరకడం కష్టం.

ఇంతకన్నా గడ్డు చోటు కాఫర్ అకబ్, షుఆఫాత్ శరణార్థి శిబిరం. కాగితం మీద రెండూ జెరూసలేం నగరపాలిక పరిధిలోవే, కానీ ఇజ్రాయెల్ కట్టిన వేరుగోడకు వెస్ట్ బ్యాంక్ వైపున పడ్డాయి. ఇజ్రాయెల్ పోలీసులు మామూలు నేరాల కోసం అక్కడికి రావడం అరుదు, పాలస్తీనా పోలీసులకు వెళ్లే అధికారం లేదు. తుపాకులూ మత్తుమందులూ అక్కడికి చేరడంలో ఆశ్చర్యమేముంది?

డబ్బు సంగతి సరేసరి. ఇజ్రాయెల్ వసూలు చేసి ఇవ్వాల్సిన పన్నులను పట్టి ఉంచుతుండడంతో 2021 చివరి నుంచి పాలస్తీనా అథారిటీ (అబ్బాస్ నడిపే ప్రభుత్వం) ఉద్యోగులకు పూర్తి జీతాలు అందడం లేదు. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, కోర్టు గుమాస్తాలు అందరూ అందులోనే.

మూడు రోజులూ, మూడో వంతు

రాజ్యం చేరలేని చోటుకు వంశం చేరుతుంది. అరబ్బీలో వంశాన్ని హమూలా అంటారు. హెబ్రాన్ జిల్లాలో ఈ వ్యవస్థ మరీ బలంగా ఉంటుంది. 2021, 2022ల్లో అక్కడ రెండు పెద్ద కుటుంబాల పగ ఒక హత్యతో రాజుకుని కాల్పులు, దుకాణాల దహనాల దాకా వెళ్లింది.

హత్య జరిగిన గంటల్లోనే ఊళ్లో పేరున్న పెద్దమనుషులు బృందంగా బాధితుడి ఇంటికి వెళతారు. ఆ బృందం పేరు జాహా. మొదట అడిగేది న్యాయం కాదు, గడువు. ఆ గడువు పేరు అత్వా. తొలి అత్వా ఆనవాయితీగా మూడు రోజులూ మూడో వంతు. ఈ రోజులకు ఫౌరత్ అద్దమ్ అని పేరు, అంటే నెత్తురు మరిగే వేళ. ఆ వేడిలో బాధితుల వైపువారు ఇల్లో కారో తగలబెడితే ఆ నష్టాన్ని చాలాచోట్ల తర్వాత లెక్కలోకి తీసుకోరు. అందుకే హంతకుడి బంధువులు దుకాణాలు మూసి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు విడిచిపోతారు. ఈ వలసను జల్వా అంటారు. పాత కట్టుబాటు ప్రకారం ఇది అయిదో తరం బంధుత్వం దాకా పాకుతుంది. అంటే హంతకుడి ముఖం సరిగా తెలియని దూరపు చుట్టం కూడా ఇల్లు ఖాళీ చేయాలి.

గడువు ముగిశాక మరో అత్వా అడుగుతారు. ఈసారి హంతకుడి వైపువారు నేరాన్ని పదిమంది ముందు ఒప్పుకోవాలి. ఇద్దరు పూచీదారులు నిలబడతారు. ఒకరు పగ తీర్చుకోవడం జరగదని, మరొకరు ఒప్పుకున్న సొమ్ము ముడుతుందని. ఈ పూచీదారుడి మాట తప్పడం హత్యకన్నా పెద్ద అవమానంగా చూసే ఊళ్లున్నాయి. వ్యవస్థ నడిచేది ఆ భయం మీదే.

చివరి ఘట్టం సుల్హా, అంటే రాజీ. వందల ప్లాస్టిక్ కుర్చీలు, రెండు వైపులా మగవాళ్లు, మధ్యలో మైకు. చిన్న కప్పులో కాఫీ పోస్తారు. జాహా పెద్ద ఆ కప్పు అందుకుని తాగకుండా కింద పెడతాడు. అడిగింది ఇస్తేనే తాగుతామని అర్థం. బాధితుడి వైపు పెద్ద లేచి నెత్తుటి సొమ్ముగా, అంటే దియాగా, పెద్ద మొత్తం ప్రకటిస్తాడు. వెంటనే దేవుడి పేర ఇంత, ప్రవక్త పేర ఇంత, వచ్చిన అతిథుల పేర ఇంత అని తగ్గించుకుంటూ వస్తాడు. మొత్తం తేలాక కాఫీ తాగుతారు. రాజీపత్రం రాస్తారు.

గల్ఫ్ వలసలున్న తెలంగాణ ఊళ్లకు దియా మాట కొత్తేమీ కాదు. దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో జైలుపాలైన సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు సుమారు 18 ఏళ్ల తర్వాత 2024లో ఇల్లు చేరారు. మృతుడి కుటుంబం సమ్మతి కోసం నేపాల్ దాకా వెళ్లాల్సి వచ్చిన కేసది. భారత చట్టంలో మాత్రం హత్య రాజీకి వీల్లేని నేరం. మృతుడి తండ్రి క్షమించానన్నా కేసు రాజ్యానిది కాబట్టి నడుస్తుంది.

పాలస్తీనాలోనూ చట్టం చూపులో కేసు రాజ్యానిదే. రాజీ పత్రంతో కేసు కొట్టేయడం కుదరదు. కానీ కేసుకు రెండు ముఖాలుంటాయి. ఒకటి సమాజం తరఫున రాజ్యానికి ఉన్న హక్కు, రెండోది బాధితుడి వారసుల వ్యక్తిగత హక్కు. వారసులు తమ హక్కు వదులుకున్నామని రాసిస్తే కోర్టు దాన్ని శిక్ష తగ్గించే కారణంగా తీసుకోవచ్చు. సుల్హా మైకు ముందు అన్న మాట న్యాయమూర్తి బల్ల మీదికి చేరేది ఈ దారినే.

ఈ పద్ధతిని మొత్తంగా కొట్టిపారేయడం తేలిక, కానీ తొందరపాటు. మొదటి మూడు రోజుల్లో రెండో హత్య, మూడో హత్య జరక్కుండా ఆపడంలో దీనికి సాటి వచ్చే పోలీసు యంత్రాంగం ప్రస్తుతం వెస్ట్ బ్యాంక్‌లో లేదు. పగ ఆపడానికి పుట్టిన ఏర్పాటు నిజం తేల్చడానికి పనికిరాదు, అదే దీని హద్దు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, ఎవరు తుపాకీ ఇచ్చారు అన్న ప్రశ్నలకు కాఫీ కప్పు దగ్గర చోటు లేదు. రెండు వంశాల బలం సమానంగా లేనప్పుడు బలహీనమైన వైపు తక్కువకే ఒప్పుకుంటుంది.

ఇందులో రాజ్యానికి కూడా భాగముంది. జిల్లా గవర్నర్లు అత్వాలు కుదిర్చే పనిలో ఉంటారు. 1954 నాటి జోర్డాన్ నేర నివారణ చట్టం చేతిలో పట్టుకుని, ఏ నేరమూ చేయని బంధువులను ‘మీ రక్షణ కోసమే’ అంటూ నిర్బంధించిన ఉదాహరణలున్నాయి. ప్రాణభయం ఉన్న స్త్రీలను కూడా ఇలాగే బంధించారు. చంపుతానన్నవాడు బయట, చావాల్సినదని అతను నిర్ణయించిన మనిషి లోపల. ఆ చట్టాన్ని పుట్టించిన జోర్డాన్ మాత్రం 2021లో జల్వాను హంతకుడు, అతని తండ్రి, కొడుకులకే పరిమితం చేస్తూ గిరిజన పెద్దల చేత ఒప్పందం రాయించింది.

హంతకుడూ వారసుడూ ఒకే ఇంట్లో ఉంటే

వెస్ట్ బ్యాంక్‌లో ఇప్పటికీ నడిచేది 1960 నాటి జోర్డాన్ శిక్షాస్మృతి. గాజాలో 1936 నాటి బ్రిటిష్ శిక్షాస్మృతి. జోర్డాన్ స్మృతిలో 340వ అధికరణం వ్యభిచారంలో పట్టుబడిన భార్యను, ఆడబంధువును చంపిన మగవాడికి మినహాయింపు ఇచ్చేది. ‘పరువు’ హత్యలకు మూలం అదేనని ఏళ్ల తరబడి ఉద్యమాలు నడిచాయి. 2011లో అబ్బాస్ డిక్రీతో, అంటే అధ్యక్షుడి ఉత్తర్వుతో, దాన్ని రద్దు చేశారు. పేపర్లలో పెద్ద శీర్షికలొచ్చాయి.

కోర్టుల్లో మార్పు అంతగా రాలేదు. కారణం సాంకేతికమైనది. పట్టుబడిన క్షణంలోనే చంపి ఉండాలన్న షరతు వల్ల 340ని కోర్టులు వాడిందే అరుదు. నిజంగా పని చేసినవి వేరే రెండు. 98వ అధికరణం తీవ్ర కోపావేశంలో చేసిన నేరానికి శిక్ష తగ్గిస్తుంది. 99వది తగ్గించే కారణాలున్నాయనుకుంటే న్యాయమూర్తికి విచక్షణ ఇస్తుంది. వాడని తలుపుకు తాళం వేసి, వాడే రెండు తలుపులు తెరిచి ఉంచినట్టయింది.

మామూలు హత్యలో వారసులు క్షమిస్తే, క్షమించినవారు కనీసం నష్టపోయినవారు. కూతుర్ని తండ్రో అన్నో చంపితే వారసులు ఎవరు? అదే తండ్రి, అదే తల్లి, అవే అన్నదమ్ములు. వ్యక్తిగత హక్కు వదులుకుంటున్నామని వాళ్లు రాసిచ్చే కాగితం ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లకే ఇచ్చుకునే మాఫీ. జాహా రాదు, అత్వా అక్కర్లేదు. పగ తీర్చుకునే రెండో వంశమే లేదు కాబట్టి పెద్దమనుషుల వ్యవస్థకు అక్కడ పనే లేదు. ప్రాణాన్ని కాపాడే బాధ్యత వంశానిదే అన్న ఏర్పాటు సరిగ్గా ఇక్కడ కుప్పకూలుతుంది.

దీన్ని గుర్తించాకే 2014లో 98ని, 2018లో 99ని సవరించారు. స్త్రీల మీద, పిల్లల మీద జరిగే ఘోర నేరాలకు ఆ విచక్షణ వర్తించదన్నారు. అత్యాచారం చేసినవాడు బాధితురాలిని పెళ్లాడితే కేసు మాఫీ చేసే 308ని కూడా 2018లోనే ఎత్తేశారు. అయితే ఈ డిక్రీలు గాజాలో అమలు కావు. 2007లో గాజా హమాస్ చేతికి, వెస్ట్ బ్యాంక్ అబ్బాస్ పక్షం చేతికి చీలిపోయాక శాసనమండలి పూర్తిస్థాయిలో సమావేశం కాలేదు. రమల్లాలో అధ్యక్షుడు సంతకం చేసినవాటిని గాజాలోని హమాస్ యంత్రాంగం లెక్కలోకి తీసుకోలేదు.

ఇక మిగిలింది కుటుంబ రక్షణ బిల్లు. హత్యకు ముందు వచ్చే బెదిరింపులు, దెబ్బల దశలోనే పోలీసు జోక్యానికి, రక్షణ ఉత్తర్వులకు దారి చూపే బిల్లు ఇది. దాదాపు రెండు దశాబ్దాలుగా ముసాయిదాగానే ఉంది. 2019 ఆగస్టులో బెత్లహేం పక్కన బేత్ సాహూర్‌కు చెందిన ఒక యువతి మృతి వీధుల్లోకి నిరసనలను తెచ్చింది. ఇంట్లోవాళ్లు ముందు ప్రమాదమన్నారు, దయ్యం పట్టిందన్నారు, చివరికి ప్రాసిక్యూటర్లు ముగ్గురు కుటుంబ సభ్యుల మీద అభియోగం పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో హెబ్రాన్ వంశ పెద్దలు సమావేశమై స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని తాము ఒప్పుకోమని ప్రకటించారు. బిల్లు మళ్లీ సొరుగులోకి వెళ్లింది. పోలీసు శాఖలో 2008లో పెట్టిన కుటుంబ రక్షణ విభాగం ఇప్పటికీ ఈ చట్టం అండ లేకుండానే పని చేస్తోంది.

రాజ్యమే చంపితే

రాజ్యాంగం స్థానంలో ఉన్న పాలస్తీనా మౌలిక చట్టం 109వ అధికరణం ప్రకారం అధ్యక్షుడి సంతకం లేకుండా మరణశిక్ష అమలు చేయరాదు. అబ్బాస్ 2005 తర్వాత అలాంటి సంతకం పెట్టలేదు. గాజాలో హమాస్ మాత్రం 2010 నుంచి ఆ సంతకం లేకుండానే అమలు చేస్తూ వచ్చింది. 2014 యుద్ధం మధ్యలో ఇజ్రాయెల్‌కు సహకరించారన్న ఆరోపణతో కనీసం 22 మందిని చంపారు, కొందరిని మసీదు బయట జనం ముందే. 2017లో ఆరుగురిని, 2022 సెప్టెంబరు 4న అయిదుగురిని చంపారు. ఈ కేసుల్లో చాలావరకు సైనిక కోర్టులు, 1979 నాటి పీఎల్‌ఓ విప్లవ శిక్షాస్మృతి. పౌరుల్ని కూడా దాని కిందే నిలబెట్టారు.

మరణశిక్షకూ వంశ పగకూ మధ్య ఉన్న బంధం మీద చర్చ తక్కువ. 1998 ఆగస్టులో గాజాలో ఇద్దరు భద్రతా సిబ్బందిని, వాళ్లు చేసిన హత్యలకు వారం కూడా తిరక్కముందే, సైనిక కోర్టు తీర్పుతో కాల్చిచంపారు. రెండు కుటుంబాల మధ్య కాల్పులు ముదరకూడదన్న భయమే అంత హడావుడికి కారణం. అంటే నెత్తురు మరిగే మూడు రోజుల లెక్కను కోర్టు కూడా పాటించిందన్నమాట. విచారణకు పట్టే కాలం కన్నా పగ చల్లారే కాలం ముఖ్యమైంది.

వెస్ట్ బ్యాంక్‌లో ఉరి లేకపోయినా కస్టడీ చావులున్నాయి. అథారిటీని ఘాటుగా విమర్శించే నిజార్ బనాత్‌ను 2021 జూన్ 24న తెల్లవారుజామున భద్రతా దళాలు హెబ్రాన్‌లో అరెస్టు చేశాయి. గంటల్లోనే ఆయన చనిపోయారు. పద్నాలుగు మంది సిబ్బంది మీద కేసు పెట్టారు గానీ దాన్ని సైనిక కోర్టుకు అప్పగించారు. తోటి యూనిఫారం మనుషులే తేల్చే విచారణలో బాధితుల పక్షానికి నమ్మకం కుదరడం కష్టం.

సరిహద్దు అవతలి పోలిక

పోలీసులు, ఫోరెన్సిక్, బడ్జెట్ ఉంటే సమస్య తీరుతుందా? ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్న పాలస్తీనీయులను చూస్తే అవునని చెప్పడం కష్టం. దేశ జనాభాలో వారు సుమారు 21 శాతం. అబ్రహాం ఇనిషియేటివ్స్ సంస్థ లెక్కలో 2023లో ఆ సమాజంలో 244 మంది హత్యకు గురయ్యారు. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య ఇందులో సగం కన్నా తక్కువ. వెస్ట్ బ్యాంక్‌లోలా నేల ముక్కలై లేదు, పోలీసు ఎక్కడికైనా వెళ్లగలడు. అయినా అరబ్ బాధితుల హత్య కేసులు తేలే రేటు యూదు బాధితుల కేసులతో పోలిస్తే చాలా తక్కువ.

అక్కడ హత్యల దాకా వెళ్లే దారి వేరు. భూమి రిజిస్ట్రేషన్ చిక్కుల వల్ల బ్యాంకు రుణం దొరకనివాడు వడ్డీ ముఠా దగ్గరికి పోతాడు. దుకాణదారు నుంచి ఖావా అనే మామూలు వసూలవుతుంది. కట్టకపోతే ముందు షట్టర్ మీద తూటాలు, తర్వాత మనిషి మీద. తుపాకుల్లో చాలావరకు సైనిక స్థావరాల నుంచి దొంగిలించినవని ఇజ్రాయెల్ అధికారులే ఒప్పుకున్నారు. సాక్షి చెప్పడు, ఎందుకంటే మొన్న చెప్పినవాడి కేసు కూడా తేలలేదు. అంటే దర్యాప్తు మీద నమ్మకం పోవడానికి అధికారం లేకపోవడం ఒక దారి, అధికారం ఉండీ వాడకపోవడం ఇంకో దారి. వెస్ట్ బ్యాంక్‌ది ప్రధానంగా మొదటిది, ఇజ్రాయెల్‌లోని అరబ్ పట్టణాలైన నజరెత్, ఉమ్ అల్ ఫహమ్‌లది రెండోది. రెండుచోట్లా జనం చేరుకునేది సుల్హా కమిటీ దగ్గరికే.

తర్వాత ఏం జరగొచ్చు

గాజాలో పరిస్థితి అన్నిటికన్నా దిగువన ఉంది. న్యాయస్థానాల భవన సముదాయాన్ని ఇజ్రాయెల్ సైన్యం 2023 డిసెంబరులో పేల్చేసింది. ఫైళ్లు, సాక్ష్యాలు, పాత తీర్పులు దానితోపాటే పోయాయి. హమాస్‌ను వ్యతిరేకించే వంశ ముఠాలకు ఆయుధాలిచ్చామని 2025 జూన్‌లో ఇజ్రాయెల్ ప్రధానిగా నెతన్యాహూ ఒప్పుకున్నారు. ఆయుధాలున్న వంశాలు, కోర్టుల్లేని నేల, పగల జాబితా మూడూ ఒకచోట చేరాయి. కొత్త పాలన ఏదొచ్చినా ముందుగా ఎదురయ్యేది ఈ పాత హత్యల లెక్కే.

వెస్ట్ బ్యాంక్‌లో కొన్ని పనులకు ఇజ్రాయెల్ అనుమతి అక్కర్లేదు. మృతురాలి వారసుల్లో నిందితుడి కుటుంబమే ఉంటే మాఫీ పత్రం ఏ కేసులోనూ చెల్లదని ఒక్క వాక్యం శిక్షాస్మృతిలో చేర్చవచ్చు. గవర్నర్ల నిర్బంధాలను కోర్టు ముందు పెట్టవచ్చు. అత్వా పత్రం రాసిన రోజే దాని నకలు ప్రాసిక్యూటర్‌కు చేరాలని నిబంధన పెట్టవచ్చు. అందులో నేరాంగీకారం ఉంటుంది, సాక్షుల పేర్లు ఉంటాయి. ఇప్పుడు ఆ కాగితం చాలాసార్లు శిక్ష వేసే దశలోనే కోర్టుకు కనబడుతోంది, దర్యాప్తు దశలో కాదు.

ఇవన్నీ జరిగాయో లేదో చెప్పాలంటే ఎవరో లెక్క రాయాలి. 1993లో పీఎల్‌ఓ నేత యాసర్ అరాఫత్ డిక్రీతో ఏర్పడిన స్వతంత్ర మానవహక్కుల కమిషన్ ఏటా ఆ లెక్క రాస్తోంది. రమల్లాలో 1979లో పుట్టిన అల్ హఖ్, గాజాలోని పాలస్తీనా మానవహక్కుల కేంద్రం, అల్ మెజాన్ కూడా ఇజ్రాయెల్ చంపినవారినీ పాలస్తీనీయులే చంపినవారినీ నమోదు చేస్తాయి. ఈ చివరి మూడు సంస్థల మీద 2025 సెప్టెంబరులో అమెరికా ఆంక్షలు విధించింది. గాజాలో మరణశిక్షలను ఎన్నో ఏళ్లుగా పేరుపేరునా నమోదు చేసి, హమాస్‌ను బహిరంగంగా తప్పుపట్టినవారిలో ఈ సంస్థలూ ఉన్నాయి.